ప్యానెల్ ఖాయం చేశాక సింథ్‌లో కొత్త సదుపాయాలు ఎలా చేర్చాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. డైసీ సీడ్ అనే ఆడియో కంప్యూటర్ బోర్డుతో ఒక చిన్న సింథ్ (విద్యుత్తుతో శబ్దాన్ని పుట్టించే వాద్యం) తయారు చేస్తున్నారు. దానికి 12 నాబ్‌లు, నాలుగు బటన్లు, ఒక చిన్న ఓఎల్‌ఈడీ తెర ఉంటాయి. అల్యూమినియం ప్యానెల్‌ను కోతకూ అచ్చుకూ ఇచ్చే ముందు మీకూ మీ భాగస్వామికీ మాట కుదరలేదు. ప్రతి నాబ్‌కూ ఒకే పని ఉండాలి, ఆ పని పేరు దాని కింద అచ్చయి ఉండాలి అని మీరంటున్నారు. నాబ్‌లకు పేర్లే వద్దు, తెర మీద ఏ పేజీ ఉంటే ఆ పేజీకి తగినట్టు అవి పనిచేయాలి, అప్పుడే రేపు ఏ సదుపాయాన్నైనా అప్‌డేట్‌తో చేర్చగలం అని ఆయన అంటున్నారు.

నేను 16 ఏళ్లుగా సంగీత వాద్యాలకు ఫర్మ్‌వేర్, అంటే వాటి లోపల నడిచే సాఫ్ట్‌వేర్, రాస్తున్నాను. అంతకు ముందు కోస్తా జిల్లాల్లో ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయించాను. రెండు వైపుల నుంచి చూశాక నాకు నిలిచిన అభిప్రాయం చెబుతాను. ప్యానెల్‌ను ఖాయం చేయండి. కానీ నాబ్‌లకు పేర్లు పెట్టేటప్పుడు ఇప్పుడు మీ దగ్గరున్న ఇంజిన్‌ను (శబ్దాన్ని తయారు చేసే కోడ్‌ను) కాదు, వాయించేవారి చెయ్యి ఏం చేస్తుందో దాన్ని చూడండి. తర్వాత ఎన్ని సదుపాయాలు వచ్చినా అవి చేతికి అలవాటైన పని లోపలికి వచ్చి చేరాలి, ఆ పనిని ఉన్న చోటి నుంచి కదపకూడదు.

1970లో వచ్చిన మినీమూగ్ మోడల్ డి అనే సింథ్ ప్యానెల్ ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని చూడండి. ఎడమ నుంచి కుడికి చదివితే శబ్దం పుట్టి బయటికి వచ్చే దారి వరుసగా కనిపిస్తుంది. ముందు కంట్రోలర్లు, తర్వాత శబ్ద తరంగాన్ని పుట్టించే మూడు ఆసిలేటర్లు, మిక్సర్, ఆ పక్కన శబ్దాన్ని వడగట్టే ఫిల్టరూ, అది ఎలా ఎదిగి ఎలా తగ్గాలో చెప్పే ఎన్వలప్‌లూ, చివర అవుట్‌పుట్. దానికి మెమరీ లేదు కాబట్టి నాబ్ ఎక్కడ ఉందో శబ్దమూ అక్కడే ఉంటుంది. పాత మినీమూగ్‌లో విడిగా ఎల్‌ఎఫ్‌ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే ఆసిలేటర్) ఉండేది కాదు, వైబ్రాటో (స్వరంలో వణుకు) కావాలంటే మూడో ఆసిలేటర్‌ను ఆ పనికి త్యాగం చేయాల్సి వచ్చేది. 2016లో ఆ వాద్యాన్ని మళ్ళీ తయారు చేసినప్పుడు మూగ్ సంస్థ ఒక ప్రత్యేక ఎల్‌ఎఫ్‌ఓను చేర్చింది. దాని నాబ్‌ను ప్రధాన ప్యానెల్‌లో ఇరికించకుండా ఎడమ చేతి చక్రాల వైపున పెట్టింది. 46 ఏళ్ల తర్వాత కూడా ఆసిలేటర్ల వరుసనూ ఫిల్టర్ వరుసనూ ముట్టుకోలేదు. పాత వాద్యం మీద నేర్చుకున్నవారు కొత్తదాని ముందు కూర్చుని వెతుక్కోకుండా వాయించగలిగారు.

అయితే మీ భాగస్వామి లేవనెత్తిన సమస్య కల్పితం కాదు. అది 1978లో మొదలైంది. ఆ ఏడు డేవ్ స్మిత్ సంస్థ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తెచ్చిన ప్రాఫెట్-5లో మైక్రోప్రాసెసర్ ఉంది, అది 40 ప్యాచ్‌లను (నాబ్‌లతో కుదిర్చిన శబ్దపు అమరికలను) గుర్తుపెట్టుకునేది. వాయించేవారికి అది పెద్ద వరమే, కానీ అప్పటి నుంచే నాబ్ చూపించేది ఒకటి, వినిపించేది ఒకటి అయింది. నిల్వ చేసిన ప్యాచ్‌లో కటాఫ్ (ఫిల్టర్ శబ్దాన్ని ఎంతవరకు వదలాలో చెప్పే విలువ) బాగా కింద ఉంది, ప్యానెల్ మీద కటాఫ్ నాబ్ మాత్రం పైకి తిప్పి ఉంది అనుకోండి. మొదటి పద్ధతిలో నాబ్‌ను ఇంత కదిపితే చాలు, విలువ ఒక్కసారిగా ఎగిరిపోతుంది. నెమ్మదిగా సాగుతున్న ఆలాపన మధ్యలో ఫిల్టర్ భళ్ళున తెరుచుకుంటుంది. దీనికి విరుగుడుగా వచ్చిన రెండో పద్ధతిలో, నాబ్ తిరుగుతూ నిల్వ ఉన్న విలువను దాటేవరకు ఏమీ జరగదు. ఇంట్లో అది బాగానే ఉంటుంది, వేదిక మీద మాత్రం నాబ్ చచ్చిపోయిందని కంగారు పుడుతుంది. మూడో పద్ధతిలో నాబ్ ఎటు కదిలితే విలువ అటే, మిగిలి ఉన్న దూరానికి అనుపాతంగా కదులుతుంది. రెండు చివర్లకు చేరేసరికి నాబూ విలువా మళ్ళీ కలుస్తాయి. నేను మూడోదాన్నే వాడతాను, మీకూ అదే చెబుతాను. నార్డ్ లీడ్ 3 సింథ్‌లో చేసినట్టు ఆగకుండా తిరిగే ఎన్‌కోడర్, చుట్టూ దీపాల వలయం పెట్టవచ్చు. కానీ 12 ఎన్‌కోడర్లకూ వాటి దీపాలకూ అయ్యే ఖర్చు మీ ధరకు తట్టుకోదు. పైగా చీకటి వేదిక మీద నాబ్ గీతను వేలితో తడిమి తెలుసుకునే వీలు అందులో పోతుంది.

తెర ఉన్న వాద్యాలను తిట్టడానికి అందరూ యమహా డీఎక్స్7ను ఉదాహరణగా తెస్తారు. నాకు అందులో కనిపించే తప్పు వేరు. 1983లో వచ్చిన ఆ వాద్యం స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ రూపొందించిన ఎఫ్‌ఎం పద్ధతి (ఒక తరంగంతో మరో తరంగపు పౌనఃపున్యాన్ని కదిపి శబ్దం పుట్టించడం) మీద నడిచింది. ఆరు ఆపరేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు), వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు ఉన్నాయి. ఒక ప్యాచ్ పొడవు 155 బైట్లు. అందులో 10 అక్షరాల పేరును తీసేస్తే 145 పారామీటర్లు (మార్చగల విలువలు) మిగులుతాయి. వీటన్నిటికీ కలిపి పొరలాంటి బటన్లు, ఒకే ఒక్క స్లైడర్, రెండు వరుసల తెర ఇచ్చారు. 145 పారామీటర్లు ఉండటం ఎఫ్‌ఎం స్వభావం, దాన్ని తప్పు పట్టలేం. చెవికి ఏది ఎక్కువ తేడా తెస్తుందో, ఏది ఏడాదికోసారి ముట్టుకుంటామో చూడకుండా అన్నిటినీ ఒకే స్లైడర్ ముందు సమానంగా నిలబెట్టడం దగ్గర తప్పు జరిగింది. అందుకే ఎక్కువమంది ఫ్యాక్టరీ ప్రీసెట్లతోనే జీవితం గడిపారు. 2016లో కోర్గ్ తెచ్చిన వోల్కా ఎఫ్‌ఎం చూడండి. డీఎక్స్7 ప్యాచ్‌లనే తీసుకుంటుంది, లోపల అవే ఆరు ఆపరేటర్లు. కానీ ప్యానెల్ మీద మాడ్యులేటర్ ఎటాక్, డికే, క్యారియర్ ఎటాక్, డికే అని నాలుగు నాబ్‌లు ఇచ్చింది. మాడ్యులేటర్ అంటే కదిపే ఆపరేటర్, క్యారియర్ అంటే వినిపించే ఆపరేటర్; ఎటాక్ ఎదుగుదల, డికే తగ్గుదల. ఎన్నో పారామీటర్లు వాటి వెనక కలిసి కదులుతాయి. లోపల ఎంత లోతు ఉన్నా చేతికి నాలుగు మాటల్లో అందించవచ్చని ఆ నాలుగు నాబ్‌లే చూపిస్తాయి.

ఇప్పుడు మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఉదాహరణకు వస్తాను. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో ఎమిలీ జిలే రూపొందించిన మాడ్యూళ్ల (తీగలతో కలుపుకునే సింథ్ విడిభాగాల) సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ప్యానెల్ ఎలా గీయాలో నేర్చుకోవడానికి నాకు తెలిసి అంతకంటే మంచి పాఠశాల లేదు. బ్రెయిడ్స్ అనే ఆవిడ పాత మాడ్యూల్‌లో నాలుగక్షరాల డిస్‌ప్లే, మోడళ్ల (శబ్దం పుట్టించే పద్ధతుల) పొడవాటి జాబితా, మెనూ ఉండేవి. 2018లో దాని స్థానంలో వచ్చిన ప్లెయిట్స్‌లో తెరే లేదు. రెండు బటన్లు, ఎనిమిది దీపాలు, కొన్ని నాబ్‌లు మాత్రమే. ఆ నాబ్‌లలో ముఖ్యమైన మూడింటికి ఆవిడ పెట్టిన పేర్లు హార్మోనిక్స్, టింబర్, మార్ఫ్. ఏ మోడల్ ఎంచుకున్నా టింబర్‌ను తిప్పితే శబ్దం మసక నుంచి వెలుగుకు, పలచన నుంచి చిక్కదనానికి వెళుతుంది. హార్మోనిక్స్ శబ్దంలోని భాగాల మధ్య దూరమో పొందికో మారుస్తుంది. మార్ఫ్ ఆ శబ్దాన్నే పక్కకు, మరో రంగులోకి జరుపుతుంది. ఎఫ్‌ఎం అయినా, తీగ మోడల్ అయినా, డ్రమ్ అయినా చేతికి అర్థం మారదు. ‘మాడ్యులేషన్ ఇండెక్స్’ అని అచ్చు వేసి ఉంటే ఆ పేరు ఒక్క ఎఫ్‌ఎం మోడల్‌కే సరిపోయేది, మిగతావాటి దగ్గర అబద్ధమయ్యేది.

ఎనిమిది దీపాలు, రెండు రంగులు, మొత్తం 16 మోడళ్లు. కొన్నేళ్ల తర్వాత వచ్చిన 1.2 ఫర్మ్‌వేర్‌లో ఇంకో ఎనిమిది మోడళ్లు చేరాయి. ప్యానెల్ మీద ఒక్క అక్షరం మారలేదు. ఆ దీపాల్లో ఎరుపూ ఆకుపచ్చా కలిపి వెలిగిస్తే నారింజ రంగు వస్తుంది, ఆ రంగే మూడో వరుస అయింది. హార్డ్‌వేర్‌లో రెండు రంగుల దీపం పెట్టిన రోజునే మూడో వరుసకు చోటు ఉంది. ప్యానెల్ ఖాయం చేస్తే భవిష్యత్తు మూసుకుపోతుందన్న మీ భాగస్వామి భయానికి నేను చూపించగల జవాబు ఆ నారింజ దీపమే.

అదే సంస్థ క్లౌడ్స్ మాడ్యూల్‌లో ఇందుకు భిన్నమైన అనుభవం ఉంది. అందులో బ్లెండ్ అనే ఒకే నాబ్‌కు నాలుగు పనులు ఉన్నాయి: డ్రై-వెట్ (అసలు శబ్దం, మార్చిన శబ్దం పాళ్లు), స్టీరియో విస్తారం, ఫీడ్‌బ్యాక్, రెవర్బ్. ఇప్పుడు ఏది నడుస్తోందో బటన్ నొక్కి ఎంచుకోవాలి. దానికి తోడు బటన్‌ను ఎక్కువసేపు నొక్కితే తెరుచుకునే వేరే మోడ్‌లు ఉన్నాయి, వాటిలో ప్యానెల్ మీది పేర్లకూ జరిగే పనికీ పొత్తు కుదరదు. శబ్దం అద్భుతంగా ఉండేది, అందుకే జనం భరించారు. 2021లో దాని స్థానంలో వచ్చిన బీడ్స్‌లో ఫీడ్‌బ్యాక్, డ్రై-వెట్, రెవర్బ్ మూడింటికీ మూడు నాబ్‌లు వచ్చాయి. ఒక నాబ్‌కు నాలుగు పనులు అప్పగించిన మనిషే వాటిని విడదీయడం చూశాక, నేను నా డిజైన్లలో ఒక నాబ్‌కు ఒక షిఫ్ట్ పనికి (బటన్ నొక్కి పట్టుకుని తిప్పితే చేసే రెండో పనికి) మించి ఇవ్వడం మానేశాను. ఆ ఒక్క షిఫ్ట్ పని పేరునూ నాబ్ కింద వేరే రంగులో అచ్చు వేయిస్తాను. అచ్చు వేయడానికి చోటు లేకపోతే ఆ పని చేర్చను.

ఇక్కడ నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే ఇంటర్‌ఫేస్ అంటే నాబ్‌లూ అక్షరాలే కాదని నాకు తెలిసింది దానివల్లే. ఏడెనిమిదేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న బృందం ఒక కీబోర్డుకు అప్‌డేట్ విడుదల చేసింది. అందులో వెలాసిటీ కర్వ్ (కీని నొక్కే బలానికి తగ్గ శబ్దపు లెక్క) అనే కొత్త సెట్టింగ్ చేర్చాం. నేను దాన్ని ఫ్లాష్ మెమరీలో ఉండే సెట్టింగ్‌ల వరుస మధ్యలో పెట్టాను. కొత్త ఫర్మ్‌వేర్ పాత సెట్టింగ్‌ల పొడవు చూసి, తన లెక్కతో సరిపోలేదు కాబట్టి అవి చెడిపోయాయని తేల్చుకుని, ఫ్యాక్టరీ విలువలు ఎక్కించేసింది. శబ్దాలన్నీ వచ్చాయి, ప్యాచ్‌లు పోలేదు, పరీక్షలో ఎవరికీ తేడా తెలియలేదు.

రెండు వారాల తర్వాత కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద వాయించే ఒక తమ్ముడు కచేరీ నుంచి ఫోన్ చేశాడు. ‘అన్నా, చెయ్యి వెళ్ళిన చోట స్వరం లేదు’ అన్నాడు. అతను పిచ్ బెండ్ (చక్రం తిప్పి స్వరాన్ని వంచడం) పరిధిని నాలుగు సెమీటోన్లకు (స్వరస్థానాలకు) పెట్టుకుని నాలుగేళ్లుగా చక్రంతోనే గమకాలు పలికిస్తున్నాడు. మా అప్‌డేట్ దాన్ని రెండుకు దించేసింది. షడ్జం పట్టుకుని చక్రాన్ని చివరికంటా నెడితే అంతర గాంధారం అందాలి, చతుశ్రుతి రిషభం దగ్గరే ఆగిపోయింది. మోహనం మొదలుపెట్టిన మనిషికి గాంధారం దొరకకపోతే ఎలా ఉంటుందో కీబోర్డు వాయించేవారికి వివరించనక్కరలేదు. ప్యానెల్ మీద ఒక్క గీత కూడా మారలేదు, అయినా అతని వాద్యం మారిపోయింది. చెయ్యి ఎంత కదిలితే స్వరం ఎంత కదలాలన్న నిష్పత్తి కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. కటాఫ్ నాబ్ వంపు, కీ ఎంత గట్టిగా నొక్కితే ఎంత శబ్దం రావాలన్న లెక్క, అన్నీ అంతే.

వీణ మీద 24 మెట్లను మైనంలో నిలిపిన పద్ధతి తంజావూరు రఘునాథ నాయకుడి కాలం నాటిదని చెబుతారు. మెట్లు కదలవు, వైణికులు తీగను పక్కకు లాగి మెట్టు లేని చోట స్వరాన్ని రాబడతారు. మెట్టు కదలదన్న నమ్మకం మీదే ఆ లాగుడు కొలత చేతికి పట్టుబడుతుంది. మీ సింథ్ విషయంలో అప్‌డేట్ అంటే రాత్రికి రాత్రి మైనం కరిగించి మెట్లు జరపడం కాకూడదు.

అందుకని ఫర్మ్‌వేర్ మొదటి రోజు నుంచే సెట్టింగ్‌ల ముందు ఒక వెర్షన్ సంఖ్య ఉంచండి. కొత్తవి ఎప్పుడూ చివరనే చేర్చండి. పాత వెర్షన్ సెట్టింగ్‌లు కనబడితే వాటిని కొత్త రూపంలోకి మార్చే కోడ్ రాయండి. శబ్దం విషయంలోనూ ఇదే పాటించండి. మీ ఫిల్టర్‌లో లోపం కనబడి సరిచేశారనుకోండి, ఆ లోపాన్నే ఇష్టపడి దానితో పాట కట్టిన వారు ఉంటారు. పాత ఫిల్టర్‌ను పాత ప్యాచ్‌లకు వదిలేసి, కొత్తదాన్ని కొత్త మోడల్‌గా చేర్చడమే సరైన దారి. డైసీ సీడ్‌లో 8 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ ఉంది, రెండు ఫిల్టర్ల కోడ్ పెట్టుకోవడానికి చోటు కరువు కాదు.

తెర దేనికి వాడాలన్న ప్రశ్నకు నా కొలబద్ద సులువైనది. వాయిస్తూ ఉండగా ముట్టుకునేది ప్యానెల్ మీద ఉండాలి, కచేరీకి ముందు ఒకసారి అమర్చుకునేది తెరలో ఉండవచ్చు. శ్రుతి, మిడి (వాద్యాల మధ్య నడిచే సంకేతాల భాష) ఛానల్, బెండ్ పరిధి, వెలాసిటీ కర్వ్ రెండో రకం. కటాఫ్, ఎన్వలప్, వైబ్రాటో లోతు, ఎకో పాళ్లు మొదటి రకం. ఏది ఎటు వెళ్ళాలో తేలకపోతే ఊహించవద్దు. ప్యానెల్‌ను అసలు కొలతలో కాగితం మీద ప్రింట్ తీసి అట్టకు అతికించి, నాబ్‌లు బిగించి, తెర మీద నల్ల టేపు అంటించి ఇద్దరు వాయిద్యకారులకు వారం రోజులు ఇవ్వండి. టేపు పీకి చూసిన ప్రతిసారీ ఎందుకు పీకారో రాసిపెట్టమని అడగండి. ఆ చీటీలో మళ్ళీ మళ్ళీ కనిపించే పని ప్యానెల్ మీదికి రావాలి.

తెర మీద ఆధారపడి కూడా మంచి వాద్యం చేయవచ్చన్న మాట నిజమే. 2011లో టీనేజ్ ఇంజినీరింగ్ తెచ్చిన ఓపీ-1లో నాలుగు ఎన్‌కోడర్లకు నాలుగు రంగులు ఉన్నాయి. తెర మీద ఏ బొమ్మ ఏ రంగులో ఉంటే ఆ రంగు ఎన్‌కోడర్ దాన్ని కదుపుతుంది. అచ్చు వేసిన పేరు లేకపోయినా రంగు ఎప్పుడూ మాట తప్పదు కాబట్టి, తర్వాతి అప్‌డేట్లలో కొత్త ఇంజిన్లు వచ్చినా జనం తడబడలేదు. కానీ ఆ పని జరగాలంటే ప్రతి ఇంజిన్‌కూ ఒక బొమ్మ గీయాలి, అది కదలాలి, రంగులు సరిపోలాలి. ఇద్దరు మనుషుల బృందంలో అంత చిత్రలేఖనానికి సమయం ఉండదు. మీ ఓఎల్‌ఈడీ ఒకే రంగుది అయితే ఆ దారి అసలే లేదు. 12 పేరులేని నాబ్‌లు, ఒక చిన్న ఒంటిరంగు తెర కలిస్తే ఓపీ-1 రాదు, డీఎక్స్7 వస్తుంది.

మన ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ల వాద్యం) వాయించేవారిని ఒకసారి గమనించండి. 1985లో రోలాండ్ తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌కు సొంత శబ్దమే లేదు, మిడి పంపేది మాత్రమే. తర్వాత ఎస్‌పీడీ-20, ఎస్‌పీడీ-30 వచ్చాయి, లోపల శబ్దాలు, ఎఫెక్ట్‌లు వచ్చి చేరాయి. నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఎనిమిది ప్యాడ్‌ల అమరిక మాత్రం అలాగే ఉంది. ఒక వాద్యం మీద డప్పు, డోలక్, కిక్ ఏ ప్యాడ్ మీద ఉండాలో చేతికి పట్టినవారు ఇంకో మోడల్ అద్దెకు తెచ్చినా శబ్దాలను అదే అమరికలో వేసుకుని ఆ సాయంత్రమే వేదిక ఎక్కుతారు.

మీ 12 నాబ్‌ల సంగతికి వస్తే, తొమ్మిదింటికి ఎప్పటికీ మారని పని ఇవ్వండి: వాల్యూమ్, కటాఫ్, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి శబ్దాన్ని ఉబ్బించేది), ఎన్వలప్‌కు నాలుగు, వైబ్రాటో లోతు, ఎకో. మిగతా మూడింటిని ప్లెయిట్స్ తరహాలో ఇంజిన్‌కు వదిలేయండి, కానీ పేరు లేకుండా వదలవద్దు. వెలుగు, గరుకు, కదలిక అన్నంత విశాలమైన పేర్లు పెట్టండి. వాటిని తెలుగులోనే అచ్చు వేయించినా నాకు సంతోషమే. ఏ కొత్త ఇంజిన్ రాసినా ఆ మూడు మాటలకు న్యాయం చేయలేకపోతే అది ఈ వాద్యానికి చెందిన ఇంజిన్ కాదని పక్కన పెట్టండి. ఇంకా సిద్ధం కాని సదుపాయం పేరును మాత్రం ప్యానెల్ మీద వేయించవద్దు. ఆ కోడ్ ఎప్పటికీ పూర్తి కాకపోవచ్చు, అచ్చు మాత్రం మీ కొనుగోలుదారుల కళ్ళ ముందే ఉంటుంది.

డైసీ సీడ్ మీద 12 అనలాగ్ ఇన్‌పుట్లు ఉన్నాయి, మీ నాబ్‌లు అన్నిటినీ తినేస్తున్నాయి. ఇప్పుడే ఒక 4051 మల్టిప్లెక్సర్ చిప్ పెట్టి ఎనిమిది నాబ్‌లను ఒకే ఇన్‌పుట్ మీదికి తెచ్చుకుంటే, రేపు పెడల్‌కో సీవీ జాక్‌కో (బయటి వోల్టేజీతో విలువను కదిపే జాక్) ఇన్‌పుట్లు మిగులుతాయి. ఇంజిన్ చూపే దీపాలు రెండు రంగులవి పెట్టండి, ఖర్చు తేడా చాలా తక్కువ. మిడి సీసీ సంఖ్యలు (మిడి సంకేతాల్లో ఏ నాబ్ కదిలిందో చెప్పేవి) కూడా ప్యానెల్ లాంటివే. కటాఫ్‌కు 74, రెజొనెన్స్‌కు 71, ఎటాక్‌కు 73, రిలీజ్‌కు 72 వాడుకలో ఉన్నాయి కాబట్టి అవే ఇచ్చి, ఆ మూడు విశాలమైన నాబ్‌లకు కూడా సంఖ్యలు ఇప్పుడే కేటాయించి మార్చకుండా ఉంచండి.

వీలైతే ప్యానెల్ గీత ఇక్కడ పెట్టండి. నాబ్‌ల కేంద్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయండి, ముఖ్యంగా కటాఫ్‌కూ రెజొనెన్స్‌కూ మధ్య. ఆ రెండూ ఒకే చేతి వేళ్లతో కలిపి తిప్పేవి. నాబ్ టోపీ వ్యాసం కూడా తెలిస్తే వేళ్లు పడతాయో లేదో చూసి చెప్పగలను.